రొట్టెల పండగలో కలిసిన మనిషి కథ రాసేశాను, ఇప్పుడు ఏం చెయ్యాలో తెలీట్లేదు

పెన్నాగట్టు • ఆదివారం రాత్రి 9:50

అందరికీ నమస్తే. రెండేళ్ల నుంచి ఈడ చదువుతానే ఉండా గానీ రాయడం ఇదే మొదలు, పొడుగైతే ఏమనుకోవద్దు. మాది కావలి దగ్గర. సెలవు దొరికితే బండేసుకుని తిరగడం అలవాటు, జొన్నవాడ, కసుమూరు, పెంచలకోన, అటేపు సింగరాయకొండ, కొత్తపట్నం దాకా. మొదట్లో గుళ్ల గురించి బీచిల గురించి రాసేవాణ్ణి, ఎవురూ చదివేవాళ్లు కాదు. తర్వాత దారిలో కలిసిన మనుషుల గురించి రాయడం మొదలుపెట్టా, అప్పట్నుంచి చదివేవాళ్లు పెరిగారు, మెసేజీలు, ఏడుపొచ్చిందన్నా అని కామెంట్లు. అది నాకు బాగుండేది, దాచుకోను.

పోయిన రొట్టెల పండక్కి నెల్లూరు పోయినా. అక్కడ దర్గా పక్కన చెరువులో, కోరిక ఉన్నోళ్లు దాని పేరు చెప్పి రొట్టె తీసుకుంటారు, అది తీరినాక మళ్లీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇయ్యాలి. స్వర్ణాల చెరువు మెట్ల మీద ఒకమ్మ తడిసిన చీరతో రొట్టె చేతిలో పట్టుకుని కూర్చోనుంది, తినకుండా దాన్నే చూస్తా ఉంది. నీళ్ల బాటిల్ ఇచ్చినా. అట్టా మాట కలిసింది, గంటన్నర మాట్లాడింది. ఆరోగ్యం రొట్టె తీసుకుంది. తన జబ్బు గురించి, అది మొగుడి నుంచి ఎట్టా వచ్చిందీ, ఆయన పోయాక అత్తోళ్లకి, కూతుళ్లకి కూడా చెప్పకుండా మందులు ఎట్టా దాచుకుని వాడతా ఉందీ అంతా చెప్పింది. "మా వాళ్లెవురికీ తెలీదు నాయనా, నీకెందుకు చెప్తున్నానో" అనింది. ఫోటో తీసుకోనా అమ్మా అంటే "మొగం వద్దులే, చేతులు తీసుకో" అనింది. తీశా. ఆ రాత్రే రాశా. పేరు మార్చా, మొగం లేదు, ఇంక ఇబ్బంది లేదనుకున్నా. ఆ పోస్టు నేను రాసిన వాటన్నిటికంటే ఎక్కువ మంది చదివారు.

ఆరు నెలల తర్వాత ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. చేతి మీద పచ్చబొట్టుని బట్టి వాళ్ల ఊళ్లో కనుక్కున్నారంట. పెద్ద కూతురికి కుదిరిన సంబంధం ఆగిపోయింది. ఆయన నన్ను ఒక్క మాట తిట్టలా. "మీరు బాగానే రాశారు సార్, బాగా రాయబట్టే అందరూ చదివారు" అన్నాడు. ఆ మాట అన్నప్పట్నుంచి నాకు నిద్ర లేదు.

పోస్టు తీసేశా. కానీ కాపీ చేసుకున్నోళ్లు ఉన్నారు, ఒక యూట్యూబ్ ఛానెల్లో వెనకాల ఏడుపు మ్యూజిక్ పెట్టి చదివేశారు కూడా. ఇంకో సంగతేందంటే ఇట్టా రాసినవి 23 ఉన్నాయి, ఒకాయన పుస్తకంగా వేద్దామని అడుగుతున్నాడు. అన్నీ నిజంగా జరిగినవే. వెయ్యొచ్చా? అసలు రాయొచ్చా? తిట్టాలనుకుంటే తిట్టండి, కానీ ఏం చెయ్యాలో చెప్పండి.

నిర్వాహకులు • ఆదివారం రాత్రి 10:20

పై పోస్టులో ఆమె ఎటునుంచి వచ్చింది, ఏ బస్సు, భర్త ఏం పని చేసేవాడు అని ఉన్న మూడు లైన్లు తీసేశాము. పెన్నాగట్టు గారూ, ఈ తప్పు గురించి చెప్తానే మీరు మళ్లీ అదే చేశారు. కింద ఎవరూ "ఏం జబ్బు" అని అడగొద్దు, ఇప్పటికే అట్టాంటివి రెండు కామెంట్లు తీసేశాం.

పెన్నాగట్టు • ఆదివారం రాత్రి 10:31

నిజమే. రాసేటప్పుడు తోచనే లేదు. బస్సు పేరు లేకపోతే కథ నిలబడదు అనిపిస్తది రాసేవాడికి. క్షమించండి.

మైపాడు రైడర్ • ఆదివారం రాత్రి 11:05

అన్నా నువ్వు మరీ ఎక్కువ బాధపడుతున్నావేమో. నాకూ చిన్న ఛానెల్ ఉంది, నేనూ తిరుగుతా. రొట్టెల పండగలో ఏ రొట్టె కావాలో నీళ్లలో నిలబడి అందరి ముందే అరిచి అడుగుతారు కదా, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, వీసా రొట్టె అని. ఘాట్ల దగ్గర బోర్డులు కూడా పెడతారు. లక్షల మంది మధ్యలో జరిగేది రహస్యం ఎట్టా అవుద్ది? ఆమె ఒప్పుకునే ఫోటో ఇచ్చింది. పేరు కూడా మార్చావు. ఇంతకంటే ఏం చేస్తారు ఎవరైనా?

చెరువుకట్ట • సోమవారం ఉదయం 6:15

మైపాడు రైడర్ తమ్ముడూ, మాది నెల్లూరే, దర్గాకి నడిచిపోయేంత దూరం, చిన్నప్పట్నుంచి పండగ చూస్తున్నా కాబట్టి చెప్తా. ఆ నీళ్లలో "సంతానం రొట్టె" అని అరిచే ఆడమనిషి చుట్టూ ఉండేవాళ్లలో ఆమెను ఎరిగినోళ్లు ఒక్కరు కూడా ఉండరు. పక్కన నిలబడినామె పోయినేడు ఇదే రొట్టె తీసుకుని ఈ ఏడు బిడ్డని చంకనేసుకుని ఇచ్చేదానికి వచ్చుంటది. అడిగేవాళ్లకీ ఇచ్చేవాళ్లకీ ఒకే కష్టం, అందుకే సిగ్గుపడకుండా అడగ్గలుగుతారు. కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి అంత దూరం వచ్చి అడిగేది ఊళ్లో అడగలేక. ఆ మాటని మీరు ఫోన్లో పట్టుకెళ్లి ఎవరి నుంచి దాచుకుని వచ్చిందో ఆ ఊరికే వినిపిస్తున్నారు. లక్షమంది తెలియనోళ్లు విన్నా ఏం కాదు, తెలిసినోళ్లు నలుగురు విన్నారంటే ఆమె బతుకు పోతుంది.

ఐదారేళ్ల నుంచి పండగ రోజులన్నీ మైకులు పట్టుకుని మెట్ల మీద తిరుగుతున్నారు. "ఏ రొట్టె తీసుకున్నావమ్మా, ఎందుకు, ఎన్నేళ్లయింది పెళ్లయి, తప్పు ఎవరిలో ఉందన్నారు డాక్టర్లు" అని కూడా అడిగారు ఒకమ్మాయిని, నేను నా చెవులతో విన్నా. ఆ పిల్ల మొగుడి మొగం చూస్తా సమాధానం చెప్పింది. నేను అడ్డం పోలేదు ఆరోజు, పోవాల్సింది.

కనిగిరి అవ్వ మనవరాలు • సోమవారం ఉదయం 8:40

నేను రాయించుకున్న వైపు నుంచి చెప్తా. మాది కనిగిరి వైపు పల్లె. ఫ్లోరైడ్ నీళ్ల సంగతి అందరికీ తెలుసు, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు, మా బోర్లలో అంతకంటే ఎక్కువే. ఎముకల్లోకి దిగాక అది పోయేది కాదు, నీళ్లు కాచినా పోదు. మా అవ్వకి నడుం వంగి, కాళ్లు వంకర్లు తిరిగి, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాల్సి వచ్చేది.

నాకు ఊహ తెలిసినప్పట్నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్లు. ఒక్కొక్కరూ వచ్చి అవ్వని బయట మంచం మీద కూర్చోబెట్టి, "అమ్మా ఒకసారి లేచి నడువు" అనేవాళ్లు. నడిచేది. "ఇంకోసారి" అనేవాళ్లు, వెలుతురు సరిగా లేదని. మా అవ్వ వాళ్లని చుట్టాల్లాగా చూసేది, నన్ను పంపి షాపులో కూల్‌డ్రింకులు తెప్పించేది, అవి అప్పుకి తెచ్చేదాన్ని. నీళ్లొస్తాయి అని ప్రతి ఒక్కరూ చెప్పిపోయేవాళ్లు. తర్వాత్తర్వాత మంచినీళ్ల ట్యాంకర్లూ ప్లాంట్లూ వచ్చినయి, ఆ ఫోటోల వల్ల కూడా వచ్చుండొచ్చు, కాదనను. కానీ మా అవ్వ పోయి చానా ఏళ్లయింది. ఇప్పటికీ మా ఊరి పేరు కొట్టి వెతికితే లంగా పైకి లాగి కాళ్లు చూపిస్తున్న మా అవ్వే వస్తది. ఆమె చేతి గోంగూర పచ్చడి గురించి, ఆమె పాడే దంపుళ్ల పాటల గురించి ఎవురూ రాయలేదు, ఎవురూ అడగను కూడా అడగలేదు. నేను హాస్టల్లో చదివేటప్పుడు ఒకమ్మాయి ఆ ఫోటో చూపించి "మీ ఊరంట కదా" అనింది. మా అవ్వే అని చెప్పలేకపోయా. ఆ చెప్పలేకపోవడం ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.

అన్నా, మీరు మంచోళ్లే అయ్యుంటారు. వచ్చిన వాళ్లందరూ మంచోళ్లే మాక్కూడా.

పెన్నాగట్టు • సోమవారం ఉదయం 9:02

అక్కా, మీరు రాసింది మూడుసార్లు చదివినా. ఏం రాయాలో తెలీట్లేదు.

వార్తల వీధి • సోమవారం మధ్యాహ్నం 1:30

నేను 18 ఏళ్లు పల్లెల్లో విలేకరిగా చేశా, ఇప్పుడు మానేశా. ఇక్కడ అందరూ ఒకేవైపు పోతున్నారు కాబట్టి రెండోవైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

రాయకపోతే ఎవరికి లాభం? 2001 ఆగస్టులో తమిళనాడు ఎర్వాడిలో దర్గా దగ్గర గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు, లేచి పరిగెత్తే వీల్లేక. ఆ వార్త బయటికి రాబట్టే సుప్రీంకోర్టు దాకా పోయింది. అంతకుముందు ఆ దారిన పోయిన యాత్రికులు ఎన్ని వేలమంది చూసుంటారో ఆ గొలుసులు! "పాపం వాళ్ల పరువు" అనుకుని నోరు మూసుకున్నారేమో వాళ్లు కూడా.

మన జిల్లాదే తీసుకోండి. 1992లో కలిగిరి దగ్గర దూబగుంట ఆడోళ్లు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత క్లాసుల్లో వాళ్ల కథే పాఠంగా వచ్చింది, ఆ పాఠం చదువుకున్న పక్క ఊరి ఆడోళ్లు మేము మాత్రం తక్కువా అని లేచారు, జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995 జనవరికి మొత్తం మద్య నిషేధమే వచ్చింది. నిజం కథ, పేదోళ్ల కథ, తాగొచ్చి కొట్టే మొగుళ్ల కథ. ఎవరి పరువు పోతుందో అని ఆ పాఠం రాసినోళ్లు ఆగుంటే ఏమయ్యేది? పెన్నాగట్టు లాంటోళ్లు భయపడి మానేస్తే మిగిలేది హోటళ్ల రివ్యూలు మాత్రమే.

చెరువుకట్ట • సోమవారం మధ్యాహ్నం 2:10

దూబగుంట మాట ఎత్తారు కాబట్టి అడుగుతా. అక్కడ ముందుండి నడిపిన రోశమ్మ గారు తన పేరుతో తను నిలబడి మాట్లాడింది కదా. ఎవరో దారిన పోయేవాడు ఆమె కష్టం విని పేరు మార్చి రాసింది కాదది. పైగా ఒక్కత్తి కాదు, ఊరు ఊరంతా కదిలింది, ఒకరి వెనక ఒకరు ఉన్నారు. మెట్ల మీద కూర్చున్న ఆ అమ్మ వెనకాల ఎవురున్నారు?

వార్తల వీధి • సోమవారం మధ్యాహ్నం 2:25

అది ఒప్పుకుంటా. ఆ తేడా పెద్దదే. ఎర్వాడి గురించి మాత్రం ఒప్పుకోను. గొలుసుల గురించి రాయాలి.

చెరువుకట్ట • సోమవారం మధ్యాహ్నం 2:31

గొలుసుల గురించి రాయండి, గొలుసు వేసినోడి గురించి రాయండి. ఆ గొలుసులో ఉన్న మనిషి మొగం, ఊరు ఎందుకు?

బిట్రగుంట బండి • సోమవారం సాయంత్రం 5:50

మా తాతోళ్లది కప్పరాళ్లతిప్ప. తెలిసినోళ్లకి ఆ పేరు చాలు. 1871లో తెల్లోళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి కొన్ని కులాల్ని పుట్టుకతోనే దొంగలని రాసి పెట్టారు, మావాళ్లని సెటిల్‌మెంట్లో, అంటే కాపలా ఉండే కాలనీలో పెట్టి హాజరు వేయించుకునేవాళ్లు. 1952లో ఆ చట్టం పోయింది. చట్టం పోయింది గానీ ఆ రాత పోలేదు. ఇప్పటికీ ఎవరో ఒకరు కెమెరా వేసుకుని వస్తారు, "ఒకప్పటి దొంగల ఊరు" అని టైటిల్ పెడతారు. ముసలాయన్ని పట్టుకుని మీ కాలంలో దొంగతనాలు ఎట్టా చేసేవాళ్లు తాతా అని అడుగుతారు, ఆయనేమో సరదాగా నాలుగు మాటలు చెప్తాడు, అడిగినోడి మొగంలో సంతోషం చూసి ఇంకో రెండు కలిపి చెప్తాడు. ఆయన ఒప్పుకునే చెప్పాడు, అడిగి మరీ తీశారు, ఎవరి పేరూ దాచే పనే లేదు. కానీ ఉద్యోగాలకి పోయేది ఆయన కాదు, మా పిల్లలు. ఆధార్లో ఊరి పేరు చూసి ఇల్లు అద్దెకివ్వనోళ్లని నేను చూశా.

అందుకే నేను చెప్పేది ఒక్క మనిషిని అడిగితే సరిపోదు కొన్నిసార్లు. ఆ కథ ఎవరెవరి మీద పడుతుందో వాళ్లందరిదీ అది. పెన్నాగట్టు అన్నా, ఆ అమ్మ "సరే" అనిందనుకో, కూతురు అనిందా?

పెన్నాగట్టు • సోమవారం రాత్రి 9:15

కూతుర్ని అడగాలన్న ఆలోచనే రాలేదు. నిజం చెప్పాలంటే ఆమెని కూడా అడగలేదు. ఫోటో తీసుకోనా అని అడిగినా, నీ కథ రాస్తా అని చెప్పలా. ఫోటోకి ఒప్పుకుంది కాబట్టి అన్నిటికీ ఒప్పుకున్నట్టే అనుకున్నా. ఆమెకి ఫేస్‌బుక్ అంటే ఏందో కూడా తెలుసో లేదో.

కోర్టు మెట్లు • సోమవారం రాత్రి 10:40

నేను ఒంగోల్లో ప్రాక్టీస్ చేస్తా. చట్టం సంగతి క్లుప్తంగా చెప్తా, ఎందుకంటే "నిజమే కదా రాశాను" అనేవాళ్లు ఎక్కువ.

నిజం అయినంత మాత్రాన పరువునష్టం కేసు నుంచి తప్పించుకోలేరు. క్రిమినల్ కేసులో నిజం అవ్వాలి, దానితోపాటు అది బయటపెట్టడం ప్రజల మేలుకి అవసరం అని కూడా చూపించాలి. ఐపీసీ 499లో అదే ఉంది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356లోనూ అదే. 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, మనిషి తన సంసారం, పెళ్లి, పిల్లలు లాంటివి తన అనుమతి లేకుండా ఇంకొకరు ప్రచురించకుండా కాపాడుకోవచ్చు అని, అది నిజమైనా అబద్ధమైనా, పొగిడినా తిట్టినా. కోర్టు రికార్డుల్లాంటి పబ్లిక్ రికార్డులో ఉన్నది వేరు. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు.

అత్యాచార బాధితుల విషయంలో ఇంకా గట్టిగా ఉంటుంది. పేరు రాయకపోయినా గుర్తుపట్టేలా ఏ వివరం రాసినా నేరమే, రెండేళ్ల దాకా జైలు. చనిపోయినా సరే రాయకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లలైతే పోక్సో చట్టం 23వ సెక్షన్ చూడండి, పేరు, ఫోటో ఒక్కటే కాదు, బడి, వీధి, ఇంటివాళ్ల వివరాలు కూడా రాయకూడదు. ఆస్పత్రిలో ఉన్న మానసిక రోగుల ఫోటోలు వాళ్ల అనుమతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. గమనించండి, ఇవన్నీ పేరు దగ్గర ఆగట్లేదు, "గుర్తుపట్టే వివరం" అంటున్నాయి. పచ్చబొట్టు గుర్తుపట్టే వివరమే.

కానీ ఒకటి చెప్పాలి. ఆ తమ్ముడు నా దగ్గరికి వచ్చుంటే కేసు వెయ్యమని చెప్పడానికి నేనే వెనకాడేవాణ్ణి. కేసు వేస్తే ఇంకో నాలుగూళ్లకి తెలుస్తుంది. చట్టం ఉండి కూడా వాడుకోలేని స్థితి వాళ్లది, ఆ సంగతి రాసేవాళ్లు ముందే తెలుసుకోవాలి.

చీమకుర్తి రాయి • మంగళవారం ఉదయం 7:20

నేను క్వారీలో పని చేస్తా, ఫోటోలు తీయడం పిచ్చి. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన కూలీల మొగాలు దుమ్ములో ఎంత బాగుంటాయో, ఫోటోకి అంటున్నా. అందుకే ఈ చర్చ నాకు గుచ్చుకుంటా ఉంది.

1936లో అమెరికాలో డొరోతియా లాంజ్ అనే ఆమె కాలిఫోర్నియాలో బఠాణీ తోటల కూలీల గుడారాల దగ్గర ఒక తల్లిని పిల్లలతో ఫోటో తీసింది, లోకంలో అందరికీ తెలిసిన ఫోటో అది. ఆ ఫోటో పేపర్లో రాగానే ప్రభుత్వం ఆ క్యాంపుకి దాదాపు తొమ్మిది టన్నుల తిండి పంపింది. విలేకరి అన్న చెప్పినట్టు మేలు జరిగింది. కానీ ఆ తిండి వచ్చేసరికి ఆ తల్లీ పిల్లలూ పని వెతుక్కుంటా అక్కడి నుంచి వెళ్లిపోయారు. ఫోటో తీసినామె పేరు కూడా అడగలేదు. 1978లో ఎవరో వెతికి పట్టుకుంటే, ఫ్లోరెన్స్ థాంప్సన్ ఆమె పేరు, ఆ ఫోటో తీయకుండా ఉంటే బాగుండేది, నాకు ఒక్క పైసా రాలేదు అని చెప్పింది. నలభై ఏళ్లు ఆమె మొగం పేదరికానికి గుర్తుగా తిరిగింది.

పచ్చ కళ్ల అఫ్ఘాన్ అమ్మాయి ఫోటో కూడా అంతే, 1984లో పెషావర్ దగ్గర శరణార్థుల క్యాంపులో తీశారు, 1985లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక కవర్ మీద వచ్చింది, 2002 దాకా ఆమె పేరు లోకానికి తెలీదు.

ఇవన్నీ తెలిసి కూడా నేను పోయిన నెల ఒక కూలీ నిద్రపోతుంటే తీశా. అడగలేదు. రేపు పోయి చూపించి ఉంచాలా తీసెయ్యాలా అని అడుగుతా.

రాత్రి డ్యూటీ • మంగళవారం ఉదయం 11:00

నర్సుని నేను. ఇలాంటి జబ్బులున్న వాళ్లకి కౌన్సెలింగ్ ఇచ్చే చోట కొన్నేళ్లు చేశాను కాబట్టి "సరే అన్నారు" అనే మాట గురించి చెప్తా.

కష్టంలో ఉన్న మనిషి ఎవరైనా ఓపిగ్గా వింటే చాలు అన్నిటికీ సరే అంటుంది. నువ్వు నీళ్లిచ్చావు, పక్కన కూర్చున్నావు, వాళ్లింట్లో ఎవరూ కూర్చోనంత సేపు కూర్చున్నావు. నీకు కాదని ఎట్టా చెప్తది? తప్పుగా అనుకోవద్దు తమ్ముడూ, ఆ సమయంలో నువ్వు అడిగితే చెవి కమ్మలు కూడా తీసి ఇచ్చేది. మేము కాగితం మీద సంతకం తీసుకునేటప్పుడు కూడా ఒకసారి చెప్పి వదిలెయ్యం, ఇంటికి పోయి ఆలోచించుకుని రమ్మంటాం. చానామంది రెండోసారి వచ్చినప్పుడు వద్దంటారు. అదే వాళ్ల అసలు మాట.

ఇంకోటి కూడా. "నీ కథ రాస్తాను" అంటే వాళ్లకి అర్థమయ్యేది వేరు. "మీ ఊళ్లో నీ తోడికోడలు, వియ్యంకుడయ్యేవాడు, రేషన్ షాపాయన ఫోన్లో చదువుతారు, వాళ్లు కనుక్కుంటే ఏం జరుగుద్ది" అని అడిగి చూడండి. అప్పుడు చెప్పే సరే నేను నమ్ముతా.

మైపాడు రైడర్ • మంగళవారం సాయంత్రం 6:45

మొన్న నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నా. నా ఛానెల్లో కసుమూరు వీడియో ఒకటుంది, దర్గా దగ్గర జుట్టు విరబోసుకుని ఊగుతున్న ఒకామె. దయ్యం పట్టిందని టైటిల్ పెట్టా. నాకు ఎక్కువ డబ్బులు తెచ్చిన వీడియో అదే. చెరువుకట్ట అక్క మాటలు చదివాక మళ్లీ చూశా, పక్కన ఆమె కొడుకనుకుంటా, పదేళ్లుంటాయి, కెమెరాకి అడ్డంగా చెయ్యి పెడుతున్నాడు, నేను పక్కకి జరిగి తీశా. ఎడిట్ చేసేటప్పుడు కూడా కనపళ్లా అది నాకు. ఇప్పుడే తీసేశా. ఆమె ఎవరో, ఎక్కడుందో కూడా తెలీదు, క్షమించమని అడుగుదామన్నా.

కనిగిరి అవ్వ మనవరాలు • మంగళవారం రాత్రి 8:10

తీసేశావు, మంచి పని చేశావు.

ఒంగోలు మాస్టారు • బుధవారం ఉదయం 5:40

తెలుగు పంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. పెన్నాగట్టు బాబూ, నీ పుస్తకం సంగతి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతా. ఆ 23 కథలూ ఒక్కొక్కటి తీసుకుని చూడు. ఆ మనిషిని మళ్లీ వెతికి పట్టుకోగలవా? పట్టుకోగలిగితే పోయి, కూర్చుని, రాసింది రాసినట్టు చదివి వినిపించు. చదువు రానివాళ్లయినా వినడం వస్తుంది కదా. మధ్యలో ఎక్కడ వాళ్ల మొగం మారుతుందో అక్కడ ఆగు, ఆ మాట కొట్టెయ్యి. అంత కష్టపడి వెతకడానికి విలువలేని మనిషైతే పుస్తకంలో పెట్టడానికి మాత్రం ఎట్టా విలువైంది?

దొరకనివాళ్ల కథలు వదిలెయ్యి. మరీ వదల్లేకపోతే కల్పన చెయ్యి, కథగా రాయి, ఊరు మార్చు, ఆడమనిషిని మగవాణ్ణి చెయ్యి, జబ్బు మార్చు, ఇద్దరు మనుషుల్ని ఒకరిగా కలుపు. అప్పుడు "నిజంగా జరిగింది" అని పైన రాసుకోవడం మాత్రం మానెయ్యాలి. నువ్వు వదులుకోవాల్సింది ఆ ఒక్క లైనే, కానీ జనం ఏడ్చేది ఆ లైను చూసే. నీకు అది కష్టంగా ఉంటుందని నాకు తెలుసు.

నేనూ చిన్నప్పుడు నా స్నేహితుడి ఇంటి గొడవ కథగా రాసి ఒక పత్రికకి పంపాను, అచ్చయింది, వాడు నాతో మాట్లాడటం మానేశాడు. 40 ఏళ్లయింది. వాడు పోయేదాకా మాట్లాడలేదు.

వార్తల వీధి • బుధవారం ఉదయం 9:30

మాస్టారూ, పోయి చదివి వినిపించడం అనే మాట నాకు నచ్చింది. మేము ఏనాడూ చెయ్యలేదు, మాకు టైం లేదనేవాళ్లం. తిరిగేవాళ్లకి టైం ఉంది కదా. అయితే ఒక్కటి, ఎవరైనా ఎవరినైనా హింసిస్తున్న చోట, రొయ్యల చెరువుల దగ్గర అడ్వాన్సుల పేరుతో కుటుంబాల్ని కదలనివ్వకుండా పెట్టుకున్న చోట, చదివి వినిపించి ఒప్పుకున్నాకే రాస్తాం అంటే ఎప్పటికీ రాయలేం, వాళ్లు భయంతో వద్దనే అంటారు. అప్పుడు కూడా ఆ కుటుంబాన్ని రాయొద్దు, ముందు అధికారులకి చెప్పండి, వాళ్లు బయటపడ్డాక రాయండి. నేను ఒకసారి ముందే రాసి తప్పు చేశా. పొద్దున పేపర్ వచ్చేసరికి ఆ గుడిసె ఖాళీ. ఎక్కడికి తోలేశారో తర్వాత ఎంత తిరిగినా తెలియలేదు. ఆ తప్పు ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

పెన్నాగట్టు • శనివారం రాత్రి 10:05

నాలుగు రోజులు ఏం రాయలేదు, ఆమె తమ్ముడికి ఫోన్ చేయడానికి ధైర్యం తెచ్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. క్షమించమని అడిగి, మీకు నా నుంచి ఏం కావాలో చెప్పమన్నా. ఆయన ముందు డబ్బులేమైనా ఇస్తానంటాననుకున్నాడు, అదేం వద్దన్నాడు. ఆ చదివిన వీడియోలు తీయించమన్నాడు. రెండు దొరికినయి. ఒకాయనతో ఫోన్లో మాట్లాడితే అప్పటికప్పుడు తీసేశాడు, పాపం ఆయనకీ తెలీదు నిజం మనిషని. ఇంకోదానికి జవాబు లేదు, కోర్టు మెట్లు గారు నోటీసు లాంటిది రాసిస్తామని మెసేజ్ పెట్టారు, పేర్లు లేకుండా, చానా థ్యాంక్సండి.

పుస్తకం ఇప్పుడు వద్దని చెప్పేశా. 23లో 9 మందిని వెతకగలను అనుకుంటున్నా. మొదట పోయేది ఒక రొయ్యల చెరువు కాపలాదారు దగ్గరికి, రాసింది ప్రింటు తీసుకుని.

ఇంకోటి చెప్పాలి. ఆమెకి ఒంట్లో ఇప్పుడు బాగుందంట, మందులు పనిచేస్తున్నాయి. అంటే ఈసారి పండక్కి వచ్చి రొట్టె తిరిగి ఇవ్వాలి. ఆమె రానంటా ఉందంట. మళ్లీ ఎవరైనా ఫోటో తీస్తారని భయం. మొక్కు తీరకుండా ఉండిపోతుందని ఏడుస్తుందని తమ్ముడు చెప్పాడు. నేను పోయి పక్కన నిలబడతా అనలేను కదా, నన్ను చూస్తేనే భయపడుద్ది.

చెరువుకట్ట • శనివారం రాత్రి 10:20

ఆమె రావాలి. తెల్లారుజామున నాలుగింటికి జనం పల్చగా ఉంటారు, కెమెరాలోళ్లు అప్పటికి లేవరు. మా ఇల్లు దగ్గరే, ముందు రోజు రాత్రి మా ఇంట్లో పడుకోవచ్చు, రొట్టె మా పొయ్యి మీదే చేసుకోవచ్చు. నేను ఆమె పక్కన నీళ్లలోకి దిగుతా. నా ఫోన్ ఇంట్లోనే పెట్టి వస్తా.

కనిగిరి అవ్వ మనవరాలు • శనివారం రాత్రి 10:34

నేనూ వస్తా అక్కా. రెండో పక్క నేను ఉంటా. ఆమె పేరు మాకు చెప్పొద్దు.

నిర్వాహకులు • శనివారం రాత్రి 10:50

ఏ రోజు, ఏ ఘాట్, ఎవరిల్లు అనేవి ఇక్కడ రాయకండి, ప్రైవేట్ మెసేజ్‌లో మాట్లాడుకోండి. చెరువుకట్ట గారు రాసిన టైం కూడా కాసేపట్లో తీసేస్తున్నాం. ఈ చర్చకి ఇంతటితో తాళం వేస్తున్నాం.